సారె మీద కూజా



ఈ రోజు కుమ్మరి సారె గురించి చెప్పుకుందాం. ప్రమిద చేయడం మీలో కొందరికి వచ్చు. ప్రమిద తరువాత ఏమిటి? అదీ ఇవాళ్టి మాట.

ఉప్పల్‌లో నల్లచెరువు ఉంది. నాచారంలో పెద్దచెరువు ఉంది. చెరువున్న ఊళ్లో కుమ్మరికి మన్ను దొరికేది. ఇప్పుడు చెరువుల చుట్టూ ఇళ్లు లేచాయి. నాచారంలో ఫ్యాక్టరీలు వచ్చాయి. అయినా ఆషాఢంలో బోనానికి కుండ కావాలి. దీపావళికి ప్రమిద కావాలి. ప్రమిద ఎక్కువగా ఆ రోజుల్లోనే అమ్ముడుపోతుంది. కూజా అయితే ఎండాకాలమంతా పోతుంది.

కుమ్మరి ఇళ్లలో ఆడవాళ్లు మన్ను దంచారు. జల్లెడ పట్టారు. తొక్కారు. కుండలు గంపకెత్తి ఊరూరా అమ్మారు. సారె మాత్రం చాలా చోట్ల ముట్టనివ్వలేదు. బరువైన సారెను కర్రతో తిప్పాలి, ఆడదానికి చేతకాదు అనేవాళ్లు. మరి నెత్తిన నీళ్ల కుండలు మోసింది ఎవరు?

2018లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కుమ్మరుల కోసం ఒక పథకం పెట్టింది. కరెంటు సారెలు ఇచ్చింది. పని కూడా నేర్పింది. కరెంటు సారెకు కర్రతో పని లేదు.

నాచారంలో ఒక చెల్లె ఉంది అనుకోండి. ప్రమిదలు, గురుగులు బాగా చేస్తుంది. కూజా చేద్దామని కూర్చుంది. నాలుగు అంగుళాలు లేచింది. ఆ పైన వంకరపోయింది. కూలింది. "నా చేతుల్లో బలం లేదు" అనుకుంది.

బలం కాదమ్మా! మన్ను నడుమన కుదరలేదు.

ముద్దను సారె నడుమ గట్టిగా కొట్టాలి. మోచేతులు తొడలకు ఆనించాలి. ముద్దను పైకి లేపాలి, మళ్లీ కిందికి నొక్కాలి. ఇట్లా రెండు మూడుసార్లు. కళ్లు మూసుకుని వేలు ఆనించి చూడాలి. ముద్ద వేలిని తన్నకపోతే కుదిరినట్టు.

తరువాత గుంత తీయాలి. అడుగును లోపలి నుంచి వేళ్లతో నొక్కి గట్టి చేయాలి. చాలామంది ఇది మరుస్తారు. అందుకే ఎండేటప్పుడు అడుగు చీలుతుంది.

ఇక గోడ. లోపల ఒక చెయ్యి, బయట ఒక చెయ్యి. కింది నుంచి పైదాకా మెల్లగా లాగాలి. మూడు నాలుగు లాగుల్లో అయిపోవాలి. ఎక్కువసార్లు లాగితే మన్ను నీళ్లు తాగి మెత్తబడుతుంది. మెడకు వచ్చేసరికి రెండు చేతులతో చుట్టూ పట్టి కొంచెం కొంచెంగా దగ్గరకు తేవాలి. తొందరపడితే మడతలు పడతాయి.

ఇప్పుడు కష్టమైన పని. చేసిన కూజాను దారంతో నిలువునా కోయాలి! మనసు ఒప్పదు. కానీ కోస్తేనే గోడ కనబడుతుంది. చెల్లె కోసి చూసింది. కింద బొటనవేలంత మందం. పైన అట్టముక్కంత. మన్నంతా అడుగునే ఉండిపోయింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఇక్కడ గుదియ మన చేతిలోనే ఉంది. వారం రోజులు చేసినవన్నీ కోయాలి. మన్ను ఎక్కడికీ పోదు. పిసికితే మళ్లీ ముద్దే.

కోసిన ప్రతిసారీ నోటుబుక్కులో రాయాలి. మొల్ల కుమ్మరి ఇంటి బిడ్డ. తెలుగులో రామాయణమే రాసింది. మనం రెండు ముక్కలు రాయలేమా?

చెల్లె ఇట్లా రాసింది:

"సోమవారం. మన్ను 1 కిలో. ఎత్తు 5 అంగుళాలు. కింద మందం."

"శనివారం. మన్ను 1 కిలో. ఎత్తు 7 అంగుళాలు. మెడ వంకర."

ఒకటి బాగా వస్తే చాలదు. దుకాణంవాడు పది అడుగుతాడు, పదీ ఒకే తీరుగా ఉండాలంటాడు. అందుకే మన్ను తూచాలి. పుల్లకు గీత పెట్టి ఎత్తు కొలవాలి. కాలిన తరువాత కుండ కొంచెం చిన్నదవుతుంది. ఆ లెక్క ముందే చూసుకోవాలి.

చేసినవాటిని నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే అంచు ముందు ఆరుతుంది, అడుగు పచ్చిగానే ఉంటుంది. మందంగా, పచ్చిగా ఉన్నది ఆవంలో పేలుతుంది. పక్కవాటిని కూడా పగలగొడుతుంది.

చెల్లె పుస్తకంలో తరువాతి పేజీ:

"కాల్చినవి 10. పగిలినవి 3. అడుగు నొక్కడం మరిచాను."