అమ్ముగూడ బాలుడు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



ఆటలలో పడిన పిల్లవాడు చదువునకు దూరమగునని మనలో పెక్కురకు భయము కలదు. ఆ భయమును నేను పరిహసింపను. నేడు ఫుట్‌బాలు క్రీడాకారులు తులసీదాస్ బలరామ్‌గారిని గూర్చి చెప్పదలచితిని. వారి తల్లికిని ఇదియే భయము.

1936లో సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబమున ఆ బాలుడు జన్మించెను. ఇంట ఒక భాష, వీధిలో వేఱొక భాష. ఈ బెంగుళూరులో మన పిల్లల స్థితియు అంతియే గదా! కుమారుడు చదివి సర్కారు ఉద్యోగమున చేరవలెనని తల్లి ముత్తమ్మగారి కోరిక. బూట్లు కొనుటకు డబ్బు లేదు. పారవేసిన పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టువానిచేత జోడు కుట్టించుకొని ఆ బాలుడు ఆడెను.

అతనిలోని నేర్పును గుర్తించినవారు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. భారత జట్టునకు శిక్షకులైన రహీంగారు మొదట బడిపంతులు. ఈ మాట చెప్పుటలో నాకు కొంత గర్వము కలదు, మన్నింపుడు! అమ్ముగూడనుండి హైదరాబాదు మైదానమునకు ప్రతిదినము వచ్చుటకు బాలునివద్ద దారిఖర్చు లేదు. రహీంగారు హితబోధ చేసి ఊరకుండలేదు. అద్దె సైకిలుకై రోజునకొక రూపాయి ఇచ్చిరి.

గోలు కొట్టుట అందరికిని కనబడును; అంతకు మునుపు బంతిని అందుకొనుట ఎవరును గమనింపరు. వేగముగా వచ్చు బంతి కాలికి తగిలి ఎగిరిపోరాదు. తాకినంతనే అణగి, తరువాతి అడుగునకు సిద్ధముగా నుండవలెను. ముందువరుసలో ఆడిన బలరామ్‌గారు ఈ విద్యలో ఆరితేరిరి. అది వేలసార్లు చేసిననేగాని పట్టుబడునది కాదు.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్సు జట్టులో వారికి చోటు దొరకెను. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బున చేరిరి. మన బెంగుళూరు అహమ్మద్ ఖాన్‌గారు అప్పటికే అచ్చట ఆడుచుండిరి. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీపై ఒక గోలు, పెరూపై ఒక గోలు చేసిరి. ఆ రెండు ఆటలలోను మనము ఓడితిమి. కాని హంగరీతో తేడా ఒక్క గోలే. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణము గెలిచిన జట్టులో వారును ఉండిరి.

మరుసటి యేడే ఊపిరితిత్తుల వ్యాధి సోకెను. ముప్పదియేండ్లు నిండకమునుపే ఆట ముగిసెను. ముత్తమ్మగారి భయము వట్టిది కాదు. తుదకు జీవనమునకు ఆధారమైనది రైల్వే ఉద్యోగమే. 2023 ఫిబ్రవరిలో బలరామ్‌గారు కలకత్తాలో కన్నుమూసిరి.

ఈ యేడు పదవ తరగతి తలిదండ్రులు కొందరు ఆటల పీరియడు తీసివేసి లెక్కలు చెప్పింపుమని వ్రాసిరి. లెక్కలకు ఉదయము అరగంట చేర్చితిమి. ఆటల పీరియడు అట్లే యుండును. ఆడివచ్చిన పిల్లలకు కడుపునిండ అన్నము పెట్టుడు. దగ్గు రెండు వారములు దాటినచో మైదానమునకు పంపక వైద్యునికి చూపుడు. బూట్లు కొనుట కష్టమైనవారు మొగమాటపడక డ్రిల్లు మాస్టరుగారితో చెప్పుడు.