బిడ్డల జాడయు, పెద్దల చూపును



గ్రంథాలయ రజతోత్సవ సభలో ఫోనును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. గ్రంథాలయమున ఒక పద్దు పుస్తకము కలదు. ఏ చదువరి ఏ గ్రంథమును ఎన్నడు కొనిపోయెనో, ఎన్నడు తిరిగి యిచ్చెనో అందు వ్రాయబడియుండును. చదువరి యెదుటనే ఆ పద్దు పడును. క్రింద సంతకము చేయువాడును అతడే. గ్రంథము కనబడనినాడు వెదకుటకు ఆ పద్దు అక్కరకు వచ్చును. అంతియే కాని, గ్రంథపాలకుడు ఆ పుస్తకమును వీధియరుగుపై తెఱచి, ఫలానివారు ఫలాని గ్రంథమును చదువుచున్నారని పదిమందికి వినిపింపడు. జాడ తెలిసియుండుట వేఱు, గుట్టు బయట పెట్టుట వేఱు. బిడ్డల చేతికి ఫోను వచ్చిన యీ కాలమున తలిదండ్రులు అలవఱచుకొనవలసిన వివేకము ఇదియే.

పదియవ తరగతి ముగిసిన బాలిక నేడు వేకువనే బస్సెక్కి పట్టణమందలి జూనియర్ కళాశాలకు పోవుచున్నది. సాయంకాలపు బస్సులో బిడ్డ దిగకున్న నాడు తల్లి వాకిట నిలుచుండి త్రోవ చూచును. చీకటి పడినకొలదియు ఆమె గుండె దడదడలాడును. ఆ భయమును ఎవ్వరును పరిహసింపరాదు. బిడ్డ ఎచ్చటనున్నదో ఫోనులో కనబడుట ఆ తల్లికి గొప్ప ఊరట. ఆ ఊరట యున్నదను ధైర్యముతోనే ఎన్నియో యిండ్ల పెద్దలు ఆడుబిడ్డలను దూరపు చదువులకు పంపుచున్నారు. కాని ఆ సాధనమునే వివేకము లేక వాడినచో, చదువును నిలబెట్టినదే చదువును మాన్పింపగలదు. కావున దాని పనితీరును ముందుగా తెలిసికొనుట మంచిది.

ఫోను తానున్న చోటును ముఖ్యముగా మూడు విధముల తెలిసికొనును. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న జి.పి.ఎస్. ఉపగ్రహముల సంకేతములను గ్రహించి, కనీసము నాలుగింటి సంకేతములు తన్ను చేరుటకు పట్టిన కాలమును లెక్కించి, తన తావును నిర్ణయించుకొనుట మొదటిది. భారతదేశమునకును నావిక్ అను ఇట్టి వ్యవస్థ కలదు. అందలి మొదటి ఉపగ్రహము 2013 జూలై 1వ తేదీన ఆంధ్రదేశమందలి శ్రీహరికోటనుండియే ఎగసినది. సమీపమునగల వైఫై కేంద్రములను గుర్తించుట రెండవది. సెల్ టవరును బట్టి అంచనా వేయుట మూడవది. ఉపగ్రహము ఎవ్వరిని చూడదు, ఎవ్వరికిని చెప్పదు. ఫోనే తన చోటును లెక్కించుకొని అంతర్జాలము ద్వారా ఇతరులకు తెలుపును.

ఆకసము నిర్మలముగా కనబడు బయలున ఈ లెక్క కొలది మీటర్ల తేడాతో సరిపోవును. కప్పు క్రిందను, ఎత్తైన మేడల నడుమను అది తప్పవచ్చును. టవరు ఒక్కదానినే ఆధారముగా గొన్నచో, టవర్లు దూరదూరముగానుండు పల్లెపట్టులలో తేడా కిలోమీటర్లలో ఉండవచ్చును. గూగుల్ మ్యాప్స్ పటములో నీలిబిందువు చుట్టును లేత నీలివలయము కనబడును. ఆ వలయములో ఎచ్చటనైనను ఉండవచ్చునని దాని యర్థము. పైగా ఫోను ఆగిపోయినచో పటము పూర్వము చూచిన చోటునే చూపుచుండును. కావున చోటుతోబాటు అది ఎన్నటి వేళదో చూడవలెను.

ఒక యింట జరుగదగిన సంగతిని ఊహింపుడు. కళాశాల ప్రక్క వీధిలో సినిమాహాలున్నది. బాలిక తరగతిలో కూర్చుండియున్నది; బిందువు హాలుమీద నిలిచినది. తండ్రి చూచెను, మేనమామకు చూపెను, అతడు మఱియొకరికి చెప్పెను. సాయంకాలము బిడ్డ ఇల్లు చేరునప్పటికి తీర్పు ముగిసినది. మఱునాటినుండి చదువు లేదు. మాసము తిరుగకుండ సంబంధములు వెదకుట మొదలైనది. నూఱు గజముల లెక్క తప్పు ఒక బిడ్డ బ్రతుకును మార్చివేసినది. పోనీ, ఆమె నిజముగానే హాలునకు వెళ్లినదనుకొందురా? అప్పుడును బిందువు చోటును మాత్రమే చెప్పినది. ఎందులకు వెళ్లినదో, ఎవరితో వెళ్లినదో బిడ్డను అడిగి తెలిసికొనవలసినదే.

రాజకుమారుల రక్షణమును గూర్చి కౌటిల్యుడు అర్థశాస్త్రపు మొదటి అధికరణమున ప్రత్యేకముగా చర్చించెను. గూఢచారులలో ఒకడు రాకుమారుని వేట, జూదము, మద్యము మొదలగువానికి ఆశపెట్టి పరీక్షింపవలెననియు, వేఱొకడు వలదని వారింపవలెననియు ఒక పక్షమువారు చెప్పిరి. కౌటిల్యుడు దానిని త్రోసిపుచ్చెను. తెలియనివానికి చెడును తెలియజేయుట గొప్ప దోషమనియు, క్రొత్త వస్తువు దేనితో పూసిన దానిని పీల్చుకొనునట్లు లేతబుద్ధి తనకు తగిలినదానినెల్ల గ్రహించుననియు హెచ్చరించెను. రాకుమారుని కాపాడుటకు వేగులను నియమించుమన్న శాస్త్రకారుడే ఈ మాట పలుకుట గమనింపదగినది. మఱియు, రాజునకు కుమారుడు సింహాసనమునాశించు పోటీదారు కావచ్చును; రాజనీతికి ఆ శంకయే మూలము. గృహస్థునకు అట్టి శంక యేల? పదునాఱేండ్ల బిడ్డను మిత్రునివలె చూడవలెనని నీతికారులు చెప్పిన మాట పెద్దలెల్లరును ఎఱిగినదే.

బిడ్డకు తెలియకుండ ఫోనులో నిఘా సాధనమును పెట్టువారు కలరు. అది ఎన్నాళ్లో దాగదు. ఫోను సంగతి పెద్దలకంటె పిల్లలకే ఎక్కువ తెలియును. తెలిసిననాడు బిడ్డ ఫోనును స్నేహితురాలి సంచిలో ఉంచి తాను వేఱొకచోటికి పోవును. బిందువు తరగతిగదిలో, బిడ్డ మఱియొకచోట! అంతకంటె గొప్ప నష్టము మఱియొకటి కలదు. నిజముగా ఆపద వచ్చిననాడు, ఎచ్చటికి పోతివని ముందుగా గద్దించు తండ్రికి ఆ బిడ్డ ఫోను చేయదు. ఇదియునుగాక, చాటు సాధనముల వలన తెలిసిన సంగతులు తండ్రియొద్దనే నిలుచునను నమ్మకము లేదు. ఎమ్‌స్పై అను అట్టి సాధనపు వినియోగదారులు సంస్థకు వ్రాసిన లేఖలు 2024లో దొంగలపాలై లక్షలసంఖ్యలో బయటపడినవి. తండ్రి మూసిన తలుపు వెనుక మఱియొకడు కిటికీ తెఱచియుండవచ్చును.

బాలలకును గోప్యత కలదనుట నేటి మాట కాదు. ఏ బాలుని గోప్యతలోను నిరంకుశముగా జోక్యము చేసికొనరాదని ఐక్యరాజ్యసమితి 1989లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణము చెప్పుచున్నది. భారతదేశము దానిని 1992లో స్వీకరించెను. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి వ్యాజ్యములో తీర్పు చెప్పెను. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో చేయబడిన చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగా పేర్కొన్నది. దాని నియమములు దశలవారిగా అమలునకు వచ్చునట్లు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ఆ చట్టము సంస్థలను కట్టడి చేయుటకు ఏర్పడినది. ఇంటిలోని తండ్రికి హద్దు గీయవలసినది అతని వివేకమే.

హద్దురాయి పాతుటకు పల్లెలో ఒక మర్యాద యున్నది. ఇరుగు పొరుగు రైతులిద్దరును నిలిచియుండగా కొలత వేసి, ఇద్దరి యెదుటను రాయి పాతుదురు. రాత్రివేళ ఒక్కడే పాతిన రాయి తగవునకే దారితీయును. ఇంటిలోని ఒడంబడికయు అట్లే జరుగవలెను.

జాడ చూచుచున్నామని బిడ్డకు ముందుగా చెప్పవలెను. ప్రయాణపు వేళకు మాత్రమే చూచుట చాలును. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను 15 నిమిషములకో, ఒక గంటకో, 8 గంటలకో బిడ్డయే స్వయముగా పంపవచ్చును. వేళ ముగిసినంతనే అది తనంత తానాగును. బస్సు ఆలస్యమైనచో ముందు ఫోను చేసి మాటాడవలెను. సమాధానము రానినాడు పటము చూడవలెను. చూచినదానిని ఇరుగుపొరుగువారికిని, బంధువులకును చూపరాదు. తండ్రి పొలమునకో, పట్టణమునకో పోయినపుడు తన జాడయు బిడ్డకు కనబడనిచ్చినచో అది కావలి కాక కుటుంబ మర్యాద యగును. కుమార్తె జాడను గడియగడియకు చూచు ఇండ్లలో కుమారుని జాడ అడుగువారుండరు. రాత్రివేళ మోటారుసైకిలుపై తిరుగు కుమారునికి ఆపద తక్కువ కాదు. ఇద్దరికిని ఒకే నియమముండవలెను. ఏటికొకమాఱు కూర్చుండి, పెరిగిన వయసునకు తగినట్లు ఆ నియమమును సడలింపవలెను.

ఫోనును మాత్రమే నమ్ముకొనుటయు తగదు. బ్యాటరీ అయిపోయిననాడు బిందువు రాదు. కావున ఇంటివారి రెండు నంబర్లును, ఆపదలో పిలువవలసిన 112 సంఖ్యయు, బాలల సహాయమునకైన 1098 సంఖ్యయు బిడ్డకు కంఠస్థములై యుండవలెను. ఎంత తప్పు జరిగినను, ఎంత రాత్రియైనను, ముందు ఇల్లు చేర్చి తరువాతనే మాటాడుదుమని తలిదండ్రులు మాట యీయవలెను. ఇచ్చిన మాట నిలుపుకొనవలెను. ఆ మాటపై నమ్మకమున్న బిడ్డ అడుగకయే తన జాడ తెలుపును.

ఫోను వాడుక తెలియని పెద్దలు ఈ యూర పెక్కుమంది కలరు. తెలిసిన పిల్లలందఱును ఈ గ్రంథాలయమునకు వచ్చువారే. ఆదివారము సాయంకాలములందు ఆ పిల్లలే పెద్దల ప్రక్కన కూర్చుండి, లొకేషన్ పంపుటయు, ఆపుటయు, నీలివలయమును చదువుటయు ఇచ్చట నేర్పవచ్చును. ఇరువదియైదేండ్లుగా అక్షరములు నేర్పిన యీ కప్పు క్రింద ఆ పాఠమునకును చోటు కలదు. ఈ గ్రంథాలయము మఱింత వర్ధిల్లుగాక.