ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టాలి?

(రోగుల బంధువుల కూడికలో ఇచ్చిన ప్రసంగం)



లోపల మీ వాళ్ళు మంచం మీద ఉన్నారు. మీ మనసంతా అక్కడే ఉంటుందని నాకు తెలుసు. కాబట్టి మీ అందరినీ వేధిస్తున్న ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. ఈ బిల్లు ఎవరు కట్టాలి?

మంచి సమరయుని ఉపమానం మీకు తెలిసిందే. దొంగలు కొట్టి పడేసిన మనిషికి అతడు గాయాలు కట్టాడు. మనం సాధారణంగా అక్కడితో ఆపేస్తాం. కానీ మరునాడు అతడు పూటకూళ్ళ ఇంటివాడికి రెండు దేనారములు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. దెబ్బలు తిన్నవాణ్ణి ఎవరూ డబ్బు అడగలేదు.

నర్సుగా నా చేతులు వణికేది రోగి బంధువుల చేత "మా ఇష్టప్రకారమే ఇంటికి తీసుకువెళ్తున్నాం" అనే కాగితం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు. ఒకసారి ఒక తల్లి కొడుకు కోసం వేలిముద్ర వేసి, "ఇష్టమని రాశారా అమ్మా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమెకు లేనిది ఇష్టం కాదు, డబ్బు.

డబ్బు లేదని ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. దేశమంతటికీ 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. ఇవన్నీ మంచివే. అయినా 2021-22 లెక్కల ప్రకారం మన దేశంలో వైద్యానికి అయ్యే ప్రతి 100 రూపాయల్లో దాదాపు 39 రూపాయలు రోగి కుటుంబమే జేబులోంచి పెడుతోంది. 2013-14లో అది 64 రూపాయలు. భారం తగ్గింది గాని తీరలేదు. ఆపరేషన్‌కు పథకం ఉన్నా, నెలనెలా బి.పి., షుగర్ బిళ్ళలు చాలామంది కొనుక్కుంటూనే ఉన్నారు.

"ఉచితంగా చేస్తున్నారు, మనం ఏమడుగుతాం?" అంటారు కొందరు. ఉచితం కాదండి. సెల్‌ఫోన్ రీచార్జిలో, పెట్రోలులో, ఇంటికి కొన్న సిమెంటులో మీరు పన్ను కడుతూనే ఉన్నారు. కూలివాడు కూడా కడుతున్నాడు. ఆదాయపు పన్ను కట్టేవారి దగ్గర 2018 నుంచి ఆరోగ్యం, విద్య పేరుతో 4 శాతం సెస్సు కూడా తీసుకుంటున్నారు. కాబట్టి ఆసుపత్రిలో అడిగేది బిచ్చం కాదు.

మరి పన్నులు తగ్గిస్తే మంచిది కాదా? తగ్గితే సంతోషమే. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు వెయ్యి రూపాయలున్న మందుకు 70 రూపాయలు మిగులుతాయి. అదే మందు మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడూ దొరికితే ఆ వెయ్యీ మిగులుతుంది. పన్ను తగ్గింపు అందరికీ కొంచెం కొంచెంగా వస్తుంది. జబ్బు మాత్రం ఒక్క ఇంటి మీద ఒక్కసారే పడుతుంది. ఆ కొంచెంతో గుండె ఆపరేషన్ కాదు.

మన సంఘాల్లో స్త్రీలు వంట చేసే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. దానివల్ల ఏ ఇల్లూ పస్తుండదు. కానీ అన్ని పిడికిళ్ళూ కలిస్తే పస్తున్న ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పన్ను కూడా అలాంటిదే.

బ్రిటన్‌లో 1948 జూలై 5 నుంచి ప్రధానంగా పన్నుల డబ్బుతో అందరికీ వైద్యం చేస్తున్నారు. ఆసుపత్రుల కోసమని చెప్పి 2002 బడ్జెట్‌లో అక్కడి ప్రభుత్వం జాతీయ బీమా చందాను 1 శాతం పెంచింది. 2005 ఎన్నికల్లో ఆ పార్టీయే మళ్ళీ గెలిచింది. అక్కడ కూడా ఇప్పుడు ఆపరేషన్‌కు నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తోంది. కష్టాలు లేవని నేను అనను. కానీ బిల్లుకు భయపడి రోగిని ఇంటికి తీసుకుపోవలసిన అవసరం లేదు.

"కట్టిన పన్ను ఆసుపత్రికి చేరుతుందా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చేరకపోతే లెక్క అడగాలి. బియ్యం కుండకు చిల్లు పడితే చిల్లు పూడుస్తాం గాని, పిడికెడు వేయడం మానుకోము. నేను ఏ పార్టీ గురించీ చెప్పడం లేదు. ఓటు అడగడానికి ఎవరు వచ్చినా, "మా ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉంటారా? మందులుంటాయా?" అని అడగండి.

ఇక ఈ రోజు చేయవలసినవి. వడ్డీకి అప్పు తెచ్చేముందు, పుస్తెలు తాకట్టు పెట్టేముందు, మీ రోగి జబ్బు పథకంలో ఉందేమో ఆరోగ్యమిత్రను అడగండి. రేషన్ కార్డు, ఆధార్ దగ్గర ఉంచుకోండి. ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోండి. డబ్బు చాలకపోతే, రోగిని తీసుకువెళ్ళకముందే మాతో చెప్పండి. సిగ్గుపడవద్దు. ఏదైనా దారి ఉందేమో కలిసి వెతుకుదాం.

ఆ తల్లి అడిగిన ప్రశ్న ఇంకే తల్లీ అడగవలసిన అవసరం రాకూడదని నా ప్రార్థన. ప్రభువు మీ రోగులను స్వస్థపరచి, మిమ్మల్ని ఆదరించును గాక. ఆమేన్.