అసలు ఆట అప్పుడే మొదలైంది
సిరికొండ కల్లాల్లో పసుపు ఆరబోస్తూ వింటున్న అక్కాచెల్లెళ్లకు ఈ ముచ్చట.

2005లో హైదరాబాద్ ఓపెన్ టెన్నిస్ టోర్నీ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారత మహిళ అయింది సానియా మీర్జా. 2007లో సింగిల్స్ ర్యాంకు 27. అప్పట్లో ఆమె ఫోర్‌హ్యాండ్ కన్నా వేసుకున్న స్కర్టు మీదే ఎక్కువ చర్చ, అదీ మన తీరు!

మణికట్టు మొరాయించింది. 2008లో ఆపరేషన్, 2013లో సింగిల్స్‌కు సెలవు. ఆమె పని అయిపోయిందనుకున్నారు. అసలు ఆట అప్పుడే మొదలైంది. డబుల్స్‌లో నెట్ దగ్గర మార్టినా హింగిస్, వెనక నుంచి సానియా. ఈ జోడీ వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. 2015 ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. మొత్తం గ్రాండ్‌స్లామ్‌లు 6, అందులో సగం మిక్స్‌డ్ డబుల్స్‌లో.

2018లో తల్లయింది. 2020 జనవరిలో హోబార్ట్‌లో మళ్లీ బరిలోకి దిగి, ఆ టోర్నీనే గెలుచుకుంది.