ఫలితాల రోజు సర్వర్ పడిపోకుండా

పదో తరగతి ఫలితాలు వచ్చాయనగానే ఆత్మకూరు, ఉదయగిరి, సోమశిల అన్నిచోట్లా పిల్లలు ఒకేసారి ఫోన్లు తీస్తారు. రాష్ట్రమంతా కలిపితే దాదాపు 6 లక్షల మంది. ఆ ఒక్క గంట కోసం ఏడాది పొడవునా పెద్ద సర్వర్లు కొనిపెట్టుకోనక్కర్లేదు. క్లౌడ్‌లో అద్దెకు దొరుకుతాయి. రద్దీని బట్టి వాటంతటవే పెరిగి, తగ్గేలా అమర్చవచ్చు. అయితే ఏ సర్వరూ వాడకందారు వివరాలను తన దగ్గరే దాచుకోకూడదు. అప్పుడే ఒకటి ఆగినా పక్కది పని అందుకుంటుంది.

మార్కులు గంటగంటకూ మారేవి కావు. ముందే నకళ్లు తీసి ఉంచితే డేటాబేస్‌కు భారం తప్పుతుంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. పేజీ రాకపోతే అందరూ మళ్లీ మళ్లీ నొక్కుతారు. అప్పుడే తేరుకుంటున్న సర్వర్ ఆ తాకిడికి మళ్లీ కూలుతుంది. అందుకే బాగా రాసిన యాప్ మొదట 1 సెకను, తర్వాత 2, ఆపైన 4 సెకన్లు ఆగి అడుగుతుంది. ఆ విరామం కూడా ఒక్కో ఫోన్‌లో కాస్త తేడాగా ఉండాలి. లేకపోతే అన్నీ మళ్లీ ఒక్క క్షణంలోనే వచ్చి పడతాయి.

ఒక్క సర్వరే కాదు, అవి ఉన్న చోటే మొత్తంగా ఆగిపోవచ్చు. అందుకే క్లౌడ్‌లో సర్వర్లను విడివిడి చోట్ల ఉంచుతారు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం, తెరిచింది. అందులో విడివిడిగా ఉండే మూడు భాగాలున్నాయి. వాటిని జోన్లు అంటారు, దేని కరెంటు దానిదే. ఒకటి ఆగినా మిగతా రెండూ నడుస్తాయి, అయితే అప్లికేషన్‌ను ఒకటికి మించిన జోన్లలో పెట్టి ఉండాలి. ఇలాంటి సైట్లు కట్టేవారిని నేను గట్టిగా కోరేది ఒకటే: ఫలితాలకు వారం ముందే ఒక జోన్‌లోని సర్వర్లను కావాలనే ఆపి, పేజీ తెరుచుకుంటోందో లేదో చూడండి.