పక్కబట్టల శుభ్రత



కట్టువస్త్రమును ఏ రోజు కారోజు ఉతికి ఆరవేయని ఇల్లు మనలో అరుదు. కాని రాత్రి ఏడెనిమిది గంటలు ఒంటికి అంటిపెట్టుకొని ఉండే పక్కబట్టల సంగతి వేరు. దుప్పటికి పదిరోజుల కొకసారి స్నానము. తలగడ గలీబుకు అంతకన్న ఆలస్యము. బొంత పండుగకో పబ్బానికో తప్ప నీళ్ల ముఖము చూడదు.

తెల్లవారుజామున పిల్లవాడు ఆయాసముతో లేచి కూర్చుంటే రాత్రి తిన్న పెరుగును నిందిస్తాము. తలగడ మీదికి మన అనుమానము పోదు. 1964లో హాలండు దేశమునందు లైడెన్ నగర పరిశోధకులు ఫోర్‌హార్స్ట్, స్పీక్స్మా ప్రభృతులు, ఇంటిదుమ్ములో ఉబ్బసమును రేపే పదార్థమునకు మూలము ఒక సూక్ష్మమైన పురుగు అని గుర్తించారు. ఇది సాలీడు వర్గమునకు చెందినది. పొడవు మిల్లీమీటరులో సుమారు మూడవవంతు. నల్లివలె కుట్టదు. మన ఒంటినుండి రాలే చర్మపు పొట్టు దాని ఆహారము. నీరు త్రాగదు, గాలిలోని చెమ్మనే పీల్చుకొని బ్రతుకుతుంది. ఉబ్బసమును రేపడములో ముఖ్య దోషము దాని విసర్జనముది.

అందుచేత ఎండ ఒక్కటే చాలదు. మంచి ఎండకు పురుగు చావవచ్చును గాని దాని మలము బట్టలోనే ఉంటుంది. దానిని తీసివేయగలది నీరే. దుప్పట్లు, గలీబులు వారమున కొకసారి 60 డిగ్రీల వేడినీటిలో నానవేసి ఉతకవలెను. మరుగుతున్న నీరు, కుళాయి నీరు సమపాళ్లలో కలిపితే ఇంచుమించు ఆ వేడి వస్తుంది. అది చేయి కాలే వేడి. పిల్లలను దూరముగా ఉంచండి. రక్తపు మరకలు, పాల మరకలు ఉంటే ముందుగా చన్నీటితో కడగండి, వేడి తగిలితే అవి నిలిచిపోతాయి. చాకలివారు బట్టలను ఉబ్బలో వేసి ఉతికిన రోజులలో ఈ మేలు మనకు తెలియకుండానే జరిగిపోయింది. ఉన్ని రగ్గులకు మాత్రము వేడినీరు పనికిరాదు, కుంచించుకొని పోతాయి.

బూరుగుదూది పరుపును తడపరాదు. దూది ఉండలు కడుతుంది, లోపలి తడి ఎన్నటికీ ఆరదు. దానిని ఎండలో రెండువైపులా కాగనిచ్చి, తరువాత కఱ్ఱతో దులపవలెను. ఉబ్బసము ఉన్నవారిని ఆ దరిదాపులకు రానీయకండి. పైన వేసే ముసుగును విడిగా ఉతుకుకొనవచ్చును.

అసలు చిక్కు బొంతతో. నాలుగైదు పాతచీరల మడతలు కలిపి కుట్టినది గనుక తడిస్తే ఇద్దరు మోయవలసిన బరువు. పిండితే కుట్లు తెగుతాయి. బల్లమీద పరచి నీరు ఓడనిచ్చి, రెండు తాళ్ల మీదుగా పందిరివలె వేయండి. నడుమ గాలి ఆడుతుంది. పైమడత గంటలో ఆరినట్లే కనబడుతుంది, నడిమి మడత సాయంత్రమునకు గూడ ఆరదు. ఆ దశలో మడిచిన బొంత ఉతకని బొంతకన్న చెడ్డది: ముక్కవాసన, బూజు, పురుగుకు కావలసిన చెమ్మ. అంచుకుట్టు దగ్గర బుగ్గకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్లే. నా ఉద్దేశములో బొంతలకు రోహిణికార్తెను మించిన అదను లేదు. మృగశిర ప్రవేశించిన తరువాత మబ్బును నమ్మి ఈ పని పెట్టుకొనవద్దు. కాకినాడ, విశాఖపట్నము వంటి సముద్రతీరపు ఊళ్లవారు పొద్దు వాలక మునుపే బట్టలు లోపలికి తెచ్చుకోవడము మేలు.

ముసురు పట్టిన రోజులలో పలుచని దుప్పట్లతోనే సరిపెట్టుకొని, కిటికీలు తెరచి పంకా క్రింద ఆరవేయండి. అంచులను ఇస్త్రీపెట్టెతో ఒత్తితే మిగిలిన చెమ్మ పోతుంది. ఉబ్బసమునకు వైద్యుడు వ్రాసిన మందును మాత్రము పక్క శుభ్రమైనదని మానివేయరాదు. ఎండనుండి తెచ్చిన బట్టలను వేడి చల్లారిన తరువాతనే మడిచి పెట్టెలో పెట్టండి.