హక్కుకు దాత ఎవరు?

తత్త్వచర్చకు అధ్యక్షుణ్ణి చేసి, క్లుప్తంగా మాట్లాడమన్నారు నిర్వాహకులు. రెండూ ఒకేసారి కుదరడం కష్టమే, అయినా ప్రయత్నిస్తాను.

'హక్కు' అరబీ 'హఖ్' నుంచి ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చిన మాట. అక్కడ దానికి సత్యమనీ అర్థం ఉంది. అల్లా నామాల్లోనూ అదొకటి. దేవుణ్ణి పక్కన పెడితే ఆ మాటలో ఏం మిగులుతుంది? నేటి మన ప్రశ్న ఇదే.

పరకాలలో ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాదు. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద ఇక్కడ తుపాకులు పేలాయి. ఆ నెత్తుటి గుర్తే మన అమరధామం. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలని 'గస్తీ నిశాన్ 53' ఉత్తర్వు శాసించిన నిజాం సంస్థానం అది. రాజు ఫర్మానాతో వచ్చిన హక్కు ఫర్మానాతోనే పోతుంది. దేవుడే ఇచ్చాడన్నా చిక్కు తీరదు; ఆయన ఎవరికి ఎంత ఇచ్చాడో చెప్పడానికి మధ్యలో ఒకడు తయారవుతాడు.

మనుషులు దేవుడి సృష్టి గనుక ఒకరికొకరు హాని చేయరాదన్నాడు ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్. అంతకు ముందే, 1625లో, దేవుడు లేడనుకున్నా సహజ ధర్మం నిలుస్తుందని వాదించాడు డచ్చి న్యాయవేత్త గ్రోషియస్. ఆయన ఆస్తికుడే! సహజ హక్కులన్నీ వట్టి ప్రేలాపన అని, హక్కులు చట్టం నుంచే పుడతాయని మరో ఇంగ్లీషు తత్త్వవేత్త బెంథామ్ కొట్టిపారేశాడు. చట్టమే హక్కుకు తల్లి అయితే, చట్టం చెడ్డదని ఏ ఆధారంతో అంటాం?

నాకు కనిపించే ఆధారం దొర గడీ ముందర ఉంది. చాకలి, కుమ్మరి, మంగలి కూలి లేకుండా వెట్టి చేసిన చోటది. 'బాంచెన్, కాల్మొక్త' అన్న నోరే ఒకనాడు 'ఎందుకు చెయ్యాలె?' అన్నది. తన ఒంటికి దెబ్బ వద్దనుకునే దొర, ఎదుటివాడి ఒంటి దెబ్బ ఎందుకు లెక్కలోకి రాదో చెప్పాలి. పుట్టుక అంటాడు, ఆనవాయితీ అంటాడు. అవి అలవాట్లే తప్ప కారణాలు కావు. ఆ జవాబు చెప్పలేనితనంలోనే హక్కు పుట్టింది. మరి అడగలేని పసిబిడ్డ సంగతి? ఆ బిడ్డ తరఫున మనం అడుగుతాం. నొప్పికి వాగ్ధాటి అక్కర్లేదు.

1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో, రాజ్యాంగ పీఠికను దేవుడి పేరిట మొదలుపెట్టాలని సభ్యుడు హెచ్.వి. కామత్ ప్రతిపాదిస్తే, 41 ఓట్లు అనుకూలంగా, 68 వ్యతిరేకంగా వచ్చాయి. మరో సభ్యుడు హృదయనాథ్ కుంజ్రూ దాన్ని కాదన్నది నాస్తికత్వంతో కాదు, ఒకరి విశ్వాసాన్ని అందరి మీదా రుద్దరాదని. అదే రాజ్యాంగం 23వ అధికరణలో వెట్టిని నిషేధించింది. ఆ నిషేధానికి ఏ దేవుడి సాక్ష్యమూ అవసరం పడలేదు.

కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన హక్కుల కార్యకర్త బాలగోపాల్ గడీ ముందరి ఆ 'ఎందుకు'ను రాజ్యాన్ని అడిగారు, తుపాకి పట్టిన ఉద్యమాలనూ అడిగారు. మనవాళ్ళని మినహాయించే ప్రశ్న హక్కుల ప్రశ్న కాదు.

ఆస్తిక మిత్రులారా, మీ దేవుణ్ణి వదులుకోమనడం లేదు. ఆయన్ని నమ్మని పక్కవాడికి కూడా చెల్లే కారణం చెప్పమంటున్నాను, అంతే. ఇక, నా మాటల్నీ 'ఎందుకు?' అని నిలదీసే హక్కు సభది. మొదటి పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.